సుబేదారు కాని మా పెద్దనాయన

పోయిన నెల ఒక బుధవారం పొద్దున, అనంతపురంలో నేను పాఠాలు చెప్పే బడి గేటు దగ్గర ఒక మనిషి నిలబడి ఉన్నాడు. ఉరవకొండ నుంచి దొరికిన మొదటి బస్సుకు వచ్చాడు. నన్ను చూడగానే తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నాడు. ఆ తీసిన తీరుకే నాకు సగం అర్థమైపోయింది.

"సుబేదారు సారు పోయినాడమ్మా. పొద్దున్నే మొగం కడుక్కొని అరుగు మీద కూచున్యాడంట. అట్లే పక్కకు వాలిపోయినాడంట. బిన్నా రా."

పోయింది మా పెద్దనాయన. మా నాయనకు సొంత అన్న. నాకు అన్నం పెట్టి, చదువు చెప్పించి, నన్ను ఈ బడి గేటు దాకా తీసుకొచ్చిన మనిషి. ఏడుపు రావాల్సిన చోట నాకు మొదట సిగ్గు వచ్చింది. ఎందుకంటే మా పెద్దనాయన సుబేదారు కాదు. ఏనాడూ కాదు. పంతొమ్మిదేళ్ళు పటాలంలో వంట చేసిన మనిషి. ఆయన్ను సుబేదారును చేసింది నేను, పద్నాలుగేళ్ళ వయసులో, ఒక పోస్టుకార్డు మీద. ఆ తప్పు దిద్దమని ఆయన నన్ను ఒకే ఒక్కసారి అడిగాడు. నేను దిద్దలేదు. ఇప్పుడు మీ ముందు ఆయన్ను తలుచుకుంటూ ఆ సంగతి దాచిపెడితే, నాకంటే దొంగ ఇంకొకరు ఉండరు.

మా పల్లెలో అయిదో తరగతి దాకే బడి. ఆరో తరగతికి మా నాయన నన్ను ఉరవకొండలో పెద్దనాయన ఇంట్లో దింపి వెళ్ళిపోయాడు. పెద్దనాయనకూ పెద్దమ్మకూ పిల్లలు లేరు. ఆయన మిలిటరీ నుంచి వచ్చి అప్పటికి రెండేళ్ళో మూడేళ్ళో అయింది. మిలిటరీ మనిషంటే పెద్ద మీసాలు, పెద్ద గొంతు ఉంటాయని భయపడుతూ వెళ్ళాను. ఇంట్లో అడుగు పెట్టేసరికి ఆ మిలిటరీ మనిషి పొయ్యి ముందు గొంతుక్కూర్చుని సంగటి కెలుకుతున్నాడు. పెద్దమ్మ దర్జాగా అరుగు మీద కూర్చుని అందరూ ఖాలా అని పిలిచే ఎదురింటి సాయిబుల పిన్నమ్మతో మాట్లాడుతోంది. నాకు లోకం తలకిందులైనట్టు తోచింది.

"తిన్యావా మే?" అన్నాడు తల తిప్పకుండానే.

ఆయన పలకరింపే అది. ఎవరు ఏ పని మీద వచ్చినా ముందు అదే అడిగేవాడు. అన్నదమ్ముల తగాదా తీర్చమని వచ్చినవాళ్ళను కూడా కూర్చోబెట్టి ముందు చెరి ఒక ముద్ద పెట్టేవాడు. "తిని చెప్పండప్పా. ఉత్త కడుపుతో చెప్తే అంతా కోపంగానే వస్తాది" అనేవాడు. తిన్న తరువాత సగం మంది చెప్పడానికి ఏమీ లేక వెళ్ళిపోయేవాళ్ళు.

వంట ఆయనకు వచ్చు గాని కొంచెం వండటం రాదు. ముగ్గురికి పప్పు చెయ్యమంటే వీధికి సరిపడా చేసేవాడు. పెద్దమ్మ నెత్తి కొట్టుకునేది. "ఈయప్పకు చేతికి బ్రేకు ల్యాదు" అంటూ గిన్నెలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి పంచి వచ్చేది. ఉప్పు చెంచాతో వేసేవాడు కాదు, అరచేతిలో పోసుకుని ఒకసారి చూసి వేసేవాడు. వడ్డించేటప్పుడు పంక్తి చివరి నుంచి మొదలుపెట్టేవాడు. మొదట కూర్చున్న పెద్దమనుషులు మొహాలు మాడ్చుకుంటే, "ముందర కూచున్నోళ్ళకు ఎట్లన్నా అందుతాది లేప్పా, చివరోడికే అడుగంటిది పడేది" అనేవాడు. తను మాత్రం అందరూ లేచాక, నిలబడే తినేవాడు. కూర్చుని తిను పెద్దనాయనా అంటే, ఆ అలవాటు తప్పిపోయింది అనేవాడు.

ఇవన్నీ ఇప్పుడు ఇష్టంగా రాస్తున్నాను. అప్పుడు మాత్రం సిగ్గేసేది. బడిలో పిల్లలు, "మీ పెద్దనాయన మిలిటరీలో గరిటెతో కొట్లాడినాడంట కదా" అని నవ్వేవాళ్ళు. నేను ఇంటికొచ్చి ఆ కోపం ఆయన మీదే చూపించేదాన్ని. ఆయనకు నా కోపం అర్థమయ్యేది కాదు. ఆకలేసిందేమో అనుకుని ఇంకో ముద్ద వేసేవాడు.

ఎండాకాలం చివర్లో, మృగశిర కార్తెకు ముందు, మా వైపు ఇంటింటా విత్తనం ఒలుపు ఉంటుంది. చేనికి వేసే చెనక్కాయలు మిషనుకు వేస్తే పప్పు బద్దలవుతుంది, మొలక రాదు. అందుకని చేత్తోనే ఒలవాలి. నాలుగైదు ఇళ్ళ ఆడవాళ్ళు ఒకచోట చేరి, ఇవాళ మీ ఇంటివి, రేపు మా ఇంటివి అని వంతులవారీగా ఒలిచేవాళ్ళు. పది రోజులకు బొటనవేళ్ళు బొబ్బలెక్కి గుడ్డ చుట్టుకునేవాళ్ళు. ఆ గుంపులో మగమనిషి మా పెద్దనాయన ఒక్కడే. ఎవరేమన్నా పట్టించుకోకుండా మధ్యలో బాసింపట్టు వేసుకుని అందరికంటే వేగంగా ఒలిచేవాడు.

నాకు మాత్రం ఒలుపు లేదు. నా పని నవల చదవడం. బస్టాండు దగ్గర అద్దె పుస్తకాల షాపులో అప్పట్లో ఒక వరుస నవలలు తెగ తిరిగేవి. సరిహద్దులో ఒక మేజరు, ఆసుపత్రి గుడారంలో ఒక నర్సు. మేజరు శత్రువుల గూఢచారులను వెంటాడతాడు, నర్సుకు ఏదో రహస్యం ఉంటుంది, ఇద్దరికీ ప్రేమ ఉంటుంది గాని నోరు విప్పరు. విప్పబోయే సమయానికి ఎక్కడో బాంబు పేలి పుస్తకం అయిపోతుంది. మళ్ళీ రెండు మూడు నెలలకు ఇంకో పుస్తకం. నేను గట్టిగా చదవాలి, నా వంతు కాయలు మిగతావాళ్ళు ఒలవాలి. అదీ మా ఒప్పందం. ఒక్కో అధ్యాయం కాగానే ఆపాలి, ఒక్కొక్కరు అభిప్రాయం చెప్పాలి, అప్పుడే తరువాతి అధ్యాయం.

పెద్దమ్మ అభిప్రాయం ఎప్పుడూ ఒకటే. "ఇంకా పెండ్లి కాలేదా? ఆ పాపకు వయసు మీద పడతాండాది. ఆ రాసేటోనికి ఆడబిడ్డలు ల్యారేమో." ఖాలాకు పెండ్లి గోల పట్టదు. ఆమెకు దొంగ ఎవరో ముందే పట్టుకోవాలి. ఎవరు ఎక్కువ నవ్వుతూ మాట్లాడితే వాళ్ళను అనుమానించేది. "ఈ డాక్టరు పండ్లు చూపిస్తాండాడు. వీడే" అనేది చాట కింద పెట్టి. నాలుగింటికి మూడుసార్లు తప్పేది, ఒకసారి నిజమైతే ఏడాదంతా చెప్పుకునేది.

చివరి మాట పెద్దనాయనది. ఆయన ప్రేమ గురించీ దొంగల గురించీ ఏమీ అనేవాడు కాదు.

"మేజరు మూడు దినాలు మంచులో పడి ఉన్యాడంటివి. ఏం తిన్యాడు?"

"అది రాయలేదు పెద్దనాయనా."

"నూర్రెండు మంది జవాన్లు కొండెక్కినారంటివి. వాళ్ళ ఎనకమాల రొట్టెలు మోసుకొని పోయినోడు యాడ?"

"అదీ రాయలేదు."

"అట్లయితే ఆ కొండ వాళ్ళు ఎక్కలేదు లే" అని మళ్ళీ కాయ అందుకునేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. నాకు చిరాకేసేది. అంత గొప్ప మేజరు గుర్రం మీద నుంచి దూకుతుంటే ఈయనకు రొట్టె కావాలి!

ఆ పుస్తకాల చివర రెండు పేజీలు పాఠకుల అభిప్రాయాలకు ఉండేవి. పేరు, ఊరు, వృత్తి రాసి కార్డు పంపితే బాగున్నవి వేసేవాళ్ళు. గుంటూరు నుంచి లెక్చరరు, ఖమ్మం నుంచి గృహిణి, ఇలా ఉండేవి. మా ఉరవకొండ పేరు ఎప్పుడూ లేదు. నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు ఖాలా పట్టు పట్టింది. "మనం ఇంత అభిప్రాయాలు చెప్తాంటిమి, ఒక్కటన్నా పంపు మే. అన్న చెప్పేది పంపు. మిలిటరీ ఆయన కదా, వేసుకుంటారు."

సరేనని కార్డు తీసి రాశాను. సైనికులు ఏం తిన్నారో రాయకపోతే యుద్ధం నిజమనిపించదు అని ఆయన మాటలనే కొంచెం సోకు చేసి రాశాను. పేరు రాశాను, ఊరు రాశాను. వృత్తి దగ్గర కలం ఆగింది. వంటమనిషి అని రాస్తే ఎవరు వేసుకుంటారు? ఆ నవలలో ఒక ముసలి సుబేదారు ఉండేవాడు, నాకు చాలా ఇష్టం. రిటైర్డు సుబేదారు అని రాసి, పెద్దనాయనకు ఆ ముక్క చదివి వినిపించకుండా, డబ్బాలో వేసేశాను.

తరువాతి పుస్తకంలో అది అచ్చయింది. మొట్టమొదటి ఉత్తరంగా వేశారు. షాపతను ఆ పేజీ తెరిచి వచ్చినవాళ్ళందరికీ చూపించాడు. పెద్దనాయన టీ తాగడానికి బస్టాండుకు వెళ్ళి, తాగకుండానే తిరిగి వచ్చాడు. నేను పెరట్లో గిన్నెలు తోముతున్నాను. వచ్చి పక్కన నిలబడ్డాడు.

"సుబేదారు అని రాసినావంట."

నేను తల ఎత్తలేదు. "వంటోడు అని రాస్తే వేసుకోరు పెద్దనాయనా."

"వేసుకోకపోతే ఏమాయ?" అన్నాడు. "సుబేదారంటే ఎట్లుంటాడో తెల్సునా నీకు? మా సుబేదారు సాబు ఇరవై ఏండ్లు ఎండకూ మంచుకూ కాలి, ఆ పట్టీ సంపాయించినాడు. ఆయన ఎదురొస్తే నేను ఇప్పుడు ఏ మొగంతో నిలబడల్ల?"

ఇంతే. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది, ఏడ్చి అప్పుడే ఇంకో కార్డు రాసి ఉండేదాన్నేమో. పొరబాటు చిన్నదే, నాలుగు దినాలకు జనం మరిచిపోతారు లే అని ఆయనే నన్ను ఊరడించాడు.

జనం మరవలేదు. మా హైస్కూలు హెడ్మాస్టరు గారు ఆ పుస్తకం చూసి, ఆ ఏడు జెండా పండగకు పెద్దనాయన చేత జెండా ఎగరేయించాలని పట్టుబట్టారు. పెద్దనాయన వెళ్ళాడు, ఒక ఉద్దేశంతోనే వెళ్ళాడు. జెండా ఎగరేసి, పిల్లలందరి ముందూ నిలబడి, "నేను సుబేదారును కాదు. పటాలంలో వంట చేసినోడిని" అన్నాడు. హెడ్మాస్టరు గారు చప్పట్లు కొట్టి, "చూశారా పిల్లలూ, ఎంత వినయమో! అంత పెద్ద పదవి చేసి కూడా తనను తాను వంటవాడిగా చెప్పుకుంటున్నారు" అన్నారు. బడంతా చప్పట్లు. నేనూ కొట్టాను. ఆ చప్పట్ల మధ్య పెద్దనాయన నా కోసం వెతికిన చూపు నాకు తెలుసు. నా స్నేహితులు ఆ రోజు నుంచి నన్ను చూసి గరిటె మాట ఎత్తలేదు. ఆ సుఖం నాకు బాగా రుచించింది, అబద్ధం చెప్పను.

అసలు దెబ్బ ఆ తరువాతి ఎండాకాలంలో తగిలింది. కొత్త పుస్తకం వచ్చింది. మా ఉత్తరం చూసే రాశాడో ఏమో, ఈసారి రచయిత వంటశాలను తెచ్చాడు. లంగరు అంటే పటాలం వంటశాల అని వివరం కూడా ఇచ్చాడు. అందులో నవ్వు మొహం వంటవాడు ఒకడున్నాడు. మంచులో మేజరుకు వేడి టీ తెచ్చి ఇస్తాడు. పెద్దనాయన చేతిలో కాయ పట్టుకుని ఒలవడం మరిచి వింటున్నాడు. ఆయన అట్లా వినడం అదే మొదటిసారి.

"వీడు నగుతాండాడు" అంది ఖాలా. "వీడే దొంగ."

రెండు అధ్యాయాల తరువాత ఆమె మాటే నిజమైంది. వంటవాడు శత్రువుల మనిషి. పదిహేను మంది జవాన్ల టీలో విషం కలిపి పారిపోయాడు. "నేను ముందే చెప్తి కదా!" అని ఖాలా సంబరంగా చప్పట్లు కొట్టింది. కొట్టిన తరువాత ఎదురుగా ఎవరు కూర్చున్నారో గుర్తొచ్చింది. చాటలో కాయలు సర్దడం మొదలుపెట్టి, "నీ గురించి కాదు లే అన్నా, కథ కదా" అంది మెల్లగా.

"కథే లేమ్మా" అన్నాడు పెద్దనాయన. ఆ పూట ఆయన అభిప్రాయం చెప్పలేదు. మేమూ అడగలేదు.

మరునాడు అద్దె పుస్తకాల షాపు ముందు ఎవరో ఆయన్ను ఆపి అడిగారట, "ఏం సుబేదారు సారూ, మీ కాలంలో గూడ వంటోళ్ళు ఇట్లే ఉండ్రా?" అని. నవ్వుతూనే అడిగారట. ఇంటికి వచ్చి ఆ మాట నాకు చెప్పి, నా ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"కార్డు తెచ్చుకో మే. నేను చెప్పింది చెప్పినట్లు రాయల్ల. ఒక్క అక్షరం కలపగూడదు."

ఆయన చదువు రెండో తరగతి. బస్సు బోర్డులు కూడబలుక్కుని చదివేవాడు గాని ఉత్తరం రాయలేడు. నేను రాశాను. ఆ మాటలు నాకు ఇప్పటికీ నోటికి వచ్చు.

"అయ్యా, నేను సుబేదారును కాదు. పోయినసారి తప్పు పడింది. నేను పంతొమ్మిదేండ్లు లంగరులో వంట చేసినోడిని. మీ పుస్తకంలో వంటోడు విషం కలిపినాడు. మా పటాలంలో అది కుదరదు. వండింది ముందు వంటోడే తినల్ల, అందరూ చూస్తాండగా. ఆ పొద్దు కడుపులో నొప్పి ఉన్యా తినల్ల. కొండ మీదికి రొట్టెలు తీసుకపోయేటప్పుడు గడ్డకట్టుకోకుండా అంగీ లోపల కడుపుకు ఆనించుకొని తీసుకపోయినాము. నాతో వచ్చినోడు ఒగడు ఆ రొట్టెలతోనే మంచులో ఉండిపోయినాడు. వాని పేరు ఏ పుస్తకంలోనూ రాలేదు. మీరు వాన్ని దొంగను చేయగూడదు. ఈ ముక్క వేయండి."

చెప్పడం అయ్యాక, "వృత్తి దగ్గర ఏం రాసినావు?" అని అడిగాడు. "వంటవాడు" అని చూపించాను. ఆ మాట మీద వేలు పెట్టి, కూడబలుక్కుని చదువుకుని, తల ఊపాడు.

మరునాడే బడులు తెరిచారు. బడికి పోయే దారిలోనే పోస్టాఫీసు. డబ్బా ముందు నిలబడ్డాను. ఈ కార్డు అచ్చయితే జెండా సంగతి ఏమవుతుంది? హెడ్మాస్టరు గారు నన్ను పిలిచి అడగరా? గరిటె పాట మళ్ళీ మొదలవదా? ముందు ఏడు అబద్ధం రాసింది ఈ పిల్లే అని ఊరంతా వేలు చూపించదా? కార్డును పుస్తకంలో పెట్టుకుని వెళ్ళిపోయాను. రేపు వేద్దాం అనుకున్నాను. నాలుగు రోజులు అట్లాగే గడిచాక, ఎండిపోయిన పంచాయతీ బావి దగ్గర దాన్ని ముక్కలు చేసి లోపల పారేశాను. నీళ్ళు కూడా లేవు. ముక్కలు అడుగున తెల్లగా కనబడుతూనే ఉన్నాయి. చాలా రోజులు ఆ దారిన పోలేదు.

"వేసినావా?" అన్నాడు. "వేసినా" అన్నాను.

తరువాతి పుస్తకం వచ్చింది. నేను అట్ట తిప్పకముందే, "చివరి కాగితం చూడు, మన కార్డు పడిందా?" అన్నాడు. "లేదు పెద్దనాయనా." ఆ తరువాతి పుస్తకానికీ అంతే. నేను ఇంటరుకు అనంతపురం వచ్చేశాక కూడా, సెలవులకు వెళ్తే నేను పెట్టె దించక ముందే అడిగేవాడు. మొదట తిన్యావా అని, తరువాత కార్డు పడిందా అని. చివరికి ఆ వరుస నవలలే ఆగిపోయాయి. మేజరుకూ నర్సుకూ పెండ్లయిందో లేదో పెద్దమ్మకు తెలియనే లేదు. పెద్దనాయన మాత్రం ఆ పుస్తకాలు వేసేవాళ్ళను ఒక్క మాట అనలేదు.

"పాపం, ఎన్ని వస్తాయో వాళ్ళకు. చోటు చాలుండదు లే" అన్నాడు.

ఆ మాట విని నేను చెప్పేసి ఉండాల్సింది. నోటి దాకా వచ్చింది. ఆయన నా కంచంలో ఇంకో ముద్ద పెట్టాడు. మింగేశాను, మాటనూ ముద్దనూ కలిపి.

మధ్యలో ఒక ఏడు వానలు బొత్తిగా మొహం చాటేశాయి. విత్తనానికి ఒలిచిన పప్పును జనం వండుకు తిన్నారు. కరువు పనుల కింద చెరువు మట్టి తీసేవాళ్ళకు మధ్యాహ్నం అంబలి పోయాలని ఊళ్ళో నలుగురు అనుకున్నారు. పెద్దనాయన ఎవరూ పిలవకముందే వెళ్ళి పొయ్యి తవ్వాడు. రెండు నెలలు, ఒక్క పూట తప్పకుండా వండాడు. సెలవులకు వచ్చి నేనూ గిన్నెలు అందించాను. మొదటి గిన్నె ఆయనే తాగేవాడు, అందరూ చూస్తుండగా. తరువాత వరుస చివర ముసలివాళ్ళ దగ్గర మొదలుపెట్టేవాడు. అప్పుడు ఒకామె పక్కామెతో అంటోంది, "చూడక్కా, అంత పెద్ద సుబేదారు, సొంత చేత్తో గరిటె పట్టుకొన్యాడు."

పెద్దనాయన విన్నాడు. "సుబేదారు కాదమ్మా, వంటోడినే" అన్నాడు. "పెద్దోళ్ళు అట్లే అంటారు లే సామీ" అని ఆమె దండం పెట్టింది. చేసిన పనిని కళ్ళెదుట చూస్తూ, నోటితో చెప్పిన మాట చెవులారా వింటూ కూడా, ఎవరూ నమ్మలేదు. అచ్చులో పడిన అబద్ధానికి అంత బలం ఉంటుందని ఆ పద్నాలుగేళ్ళ పిల్లకు తెలియదు. తెలిసిన తరువాత కూడా నోరు మెదపనందుకు నేను ఏ సాకూ చెప్పను.

ఆయన్ను చేని గట్టున పూడ్చిపెట్టారు. నేను వెళ్ళేసరికి ఊరు ఊరంతా ఉంది. మూడో రోజు పాలు పోసి వచ్చాక, రిటైరైన హెడ్మాస్టరు గారు ఒక కాగితం పట్టుకుని వచ్చారు. ఊరి తరఫున సమాధి రాయి వేయిస్తారట. తాడిపత్రిలో రాయి చెప్పేశారు, పెద్దదినం, అంటే పెద్దకర్మ లోపల చెక్కించాలి. రాయి మీద రాయాల్సింది ఇది, చూసి పంపమ్మా అన్నారు. పెద్దనాయన పేరుకు పైన, పేరు కంటే పెద్ద అక్షరాలతో, రిటైర్డు సుబేదారు అని ఉంది.

కార్డయితే చింపి బావిలో వేశాను. రాతిని ఎక్కడ వేస్తాను?

కాగితం చేత్తో పట్టుకుని పెద్దమ్మ దగ్గరకు వెళ్ళాను. ఖాలా ఆమె తల దువ్వుతోంది. ఇద్దరి ముందూ కూర్చుని మొత్తం చెప్పేశాను. సుబేదారు అని రాయడం వాళ్ళకు తెలిసిందే. రెండో కార్డు నేను డబ్బాలో వేయలేదని తెలియదు.

పెద్దమ్మ నా వైపు తిరిగింది. కొడుతుందేమో అనుకున్నాను.

"ఎన్ని దినాలు చూసినాడే ఆయప్ప దాని కోసం" అంది. "నీవు ఊరికి వస్తాండావంటే, నీకంటే ముందు ఆ పుస్తకమే అడుగుతాండె. వాళ్ళు వేసుకోలేదు లే అని నేను నగుతాంటి." అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఖాలా దువ్వెన ఆపేసి నా తల మీద ఒక్కటి మొట్టింది, గట్టిగా. తరువాత ఆ చేత్తోనే నా తల తన ఒళ్ళోకి లాక్కుంది. అప్పుడు ఏడ్చాను, మూడు రోజులుగా రాని ఏడుపు.

"ఏడ్సింది చాలు" అంది పెద్దమ్మ. "పోయి ఆయయ్యకు చెప్పు. నీవే చెప్పల్ల."

హెడ్మాస్టరు గారికి చెప్పడం ఇంకా కష్టమైంది. ఆయన మొదట నమ్మలేదు. తరువాత, "సమాధి మీద వంటవాడు అని ఎవరైనా రాయిస్తారా తల్లీ? సుబేదారు వద్దంటే వద్దు, ఉత్త పేరు ఉండనీ" అన్నారు.

"ఆయన అడిగింది అదొక్కటే సార్. వృత్తి దగ్గర వంటవాడు అని ఉందా లేదా అని వేలు పెట్టి చూసుకున్నాడు."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఆ రోజు జెండా దగ్గర చెప్పాడమ్మా ఆయన. తెలుగులోనే చెప్పాడు. నేనే చప్పట్లు కొట్టి ఆయన నోరు మూయించాను" అన్నారు. జేబులోంచి పాత ఎర్ర సిరా కలం తీశారు. జీవితమంతా మా తప్పులు దిద్దిన కలం. పై వరుసను అడ్డంగా కొట్టేసి, కాగితం నా చేతికిచ్చి, "నువ్వు రాయి" అన్నారు.

మరునాడు తాడిపత్రి బస్సెక్కాను. రాళ్ళ దుమ్ముతో తెల్లబడిపోయిన మనిషి ఒకడు అప్పటికే నల్లరాయి మీద సుద్దతో అక్షరాలు గీసుకుని ఉలి పట్టుకుని కూర్చున్నాడు. ఇంకో పూట ఆలస్యమయితే చెక్కేసేవాడే. కాగితం చూసి, "ఏమ్మా, సుబేదారు తీసి వంటోడు పెట్టమంటివే. తప్పు రాయలేదు కదా?" అని రెండుసార్లు అడిగాడు. రాయలేదన్నాను. తడిగుడ్డతో పై వరుస తుడిచేశాడు. నేను అక్కడే పొద్దుగూకే దాకా కూర్చుని, చివరి అక్షరం చెక్కే దాకా చూసి లేచాను.

పెద్దదినం నాడు రాయి నిలబెట్టారు. చాలామంది చదివి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ళకు నేనే చెప్పాను, అడిగిన ప్రతి మనిషికీ, మొదటి నుంచి. విని కొందరు నన్ను తిట్టారు, కొందరు అంబలి పోసిన రోజులు గుర్తు చేసుకున్నారు. జనమంతా వెళ్ళిపోయాక పెద్దమ్మ రాయి దగ్గరికి వచ్చింది. ఆమెకు చదువు రాదు.

"ఏం రాయించినావో చదువు" అంది.

చదివాను. ఆయన పేరు. దాని కింద, వంటవాడు. దాని కింద, పంతొమ్మిదేండ్లు పటాలానికి, ఆ తరువాత ఈ ఊరికి అన్నం పెట్టినాడు.

"వంటోడు అనేది యాడ ఉండాది?"

ఆమె చూపుడువేలు పట్టుకుని ఆ మాట మీద పెట్టాను. ఒక్కొక్క అక్షరం లోతులో వేలు పోనిస్తూ చివరి దాకా వెళ్ళింది. మళ్ళీ మొదటికి వచ్చింది. మిట్టమధ్యాహ్నపు ఎండకు ఆ నల్లరాయి పెనంలా కాగి ఉంది. "కాలుతుంది, తీయి పెద్దమ్మా" అన్నాను. ఆమె తీయలేదు.